ఎవరైనా రప్పించుకోవచ్చు, మొగుడు తప్ప

కెనడా దేశంలో నాలుగు కోట్ల మంది జనం ఉన్నారట. వీళ్ళలో పెళ్ళికి వీలున్న ఏ మగాడైనా సరే, ఫిలిప్పీన్స్‌లో ఇలోయిలో ఊళ్ళో ఉండే నెనిత అనే ఆవిణ్ణి ప్రేమించి, పెళ్ళాడి, దర్జాగా ఈ దేశానికి రప్పించుకోవచ్చు. బట్టతలవాడు రప్పించుకోవచ్చు. గురకపెట్టేవాడు రప్పించుకోవచ్చు. అంతెందుకు, నేను కూడా రప్పించుకోవచ్చు!

ఒక్క మనిషికి మాత్రం ఆ హక్కు లేదు. ఆయన పేరు క్రిసాంతో. ఆయన నెనిత మొగుడు.

తొందరపడి నొచ్చుకోకండి. ఇంత చక్కటి చట్టం మరో దేశంలో లేదని మీచేత ఒప్పించడానికే ఈ నెల కలం పట్టాను. దీనివల్ల కాపురాలు నిలుస్తాయి, ప్రేమలు వాడిపోవు, అత్తాకోడళ్ళు ఒకటవుతారు. ఇంకేం కావాలి?

చెప్పడానికి నువ్వెవరంటారా? మీ బొయెట్‌ని. పగలు విన్నిపెగ్ వీధుల్లో స్కూలు బస్సు తోలుతాను. నెలకోసారి మన ఫిలిప్పీన్స్ వాళ్ళ ఉచిత పత్రికలో మీకు బుద్ధులు చెబుతాను. కాపురాల గురించి మాట్లాడే అర్హత నాకు నిండుగా ఉంది. ఇద్దరు భార్యలు, ఒకరినొకరు ఎరగనివాళ్ళు, ఒకే కారణం చెప్పి నన్ను వదిలేశారు. ఆ కారణం నేనే. ప్రస్తుతం క్రిసాంతో ఇంట్లో నేలకింది గదిలో అద్దెకుంటున్నాను. మొదటి నుంచీ ఆయన పంచనే ఉన్నాను. మధ్యమధ్య పెళ్ళిళ్ళు చేసుకుని వెళ్ళడం, మళ్ళీ పెట్టె పట్టుకుని రావడం, అంతే.

సరే, కథలోకి వద్దాం.

క్రిసాంతోకి అప్పుడు ఇరవై దాటి ఎంతో కాలం కాలేదు. అక్క విన్నిపెగ్‌లో నర్సు. తల్లి పాజ్‌నీ, పెళ్ళికాని తమ్ముణ్ణీ రప్పిస్తోంది. పెళ్ళికాని అన్న మాట గుర్తుంచుకోండి. పెళ్ళైతే తల్లి చాటు బిడ్డగా రావడానికి పనికిరాడు. వీసాలు వచ్చాయి, టికెట్లు వచ్చాయి, ఊరంతా భోజనాలు పెట్టి వీడ్కోలు చెబుతోంది.

అదే వారంలో నెనితని చూడ్డానికి ఒక పళ్ళ డాక్టరు వచ్చాడు. సొంత క్లినిక్, సొంత కారు. నెనిత తల్లిదండ్రులు అతని పళ్ళు చూసి మురిసిపోయారు.

క్రిసాంతో కంగారుపడ్డాడు. మీరైతే పడరా? నెనితని ఊరవతల చర్చికి తీసుకెళ్ళి, చుట్టాల్లో నోరు మెదపని ఇద్దరిని పక్కన నిలబెట్టుకుని, పెళ్ళాడేశాడు.

"వెళ్ళగానే పని చూసుకుంటాను. ఏడాది తిరక్కుండా నిన్ను తీసుకెళ్తాను" అన్నాడు.

"ఏడాదేగా, ఈలోపు డాక్టరు దగ్గర పళ్ళు బాగు చేయించుకుంటాలే" అంది నెనిత.

ఇంట్లో చెప్పలేదు. చెబితే తల్లి చేతిలో వీపు విమానం మోత మోగుతుందని భయం. ఉంగరం మాత్రం విడిచిపెట్టలేక ఎడమకాలి బూటులో దాచుకున్నాడు.

వాంకూవర్‌లో దిగారు. గాజు గూట్లో కూర్చున్న అధికారి మర్యాదగా అడిగాడు, "వీసా ఇచ్చిన తర్వాత మీ కుటుంబంలో ఏమైనా మార్పు వచ్చిందా? పెళ్ళి గానీ, పిల్లలు గానీ?"

క్రిసాంతో నోరు తెరిచాడు. తెరిచాడనే అంటాడు ఇప్పటికీ. కానీ పాజమ్మ నోటితో పరుగుపందెం పెట్టుకుని గెలిచినవాడు మా ఇలోయిలోలో ఇంతవరకు పుట్టలేదు.

"మావాడికా? పెళ్ళా!" అందావిడ, పక్క వరుసల వాళ్ళు కూడా తిరిగి చూసేలా. "బంగారు తండ్రి బాబూ! ఆడపిల్ల ఎదురుపడితే రోడ్డు మారిపోతాడు. నువ్వే ఎవరైనా మంచి పిల్లని చూసిపెట్టు!"

అధికారి నవ్వాడు. ముద్ర వేశాడు. బంగారు తండ్రి కుంటుకుంటూ కెనడాలోకి నడిచాడు.

"ఆ కుంటడమేంట్రా?" అని పాజమ్మ అడిగింది.

"కొత్త బూట్లమ్మా" అన్నాడు.

ఏడాది తిరక్కుండానే క్రిసాంతోకి బస్సులు తయారుచేసే ఫ్యాక్టరీలో వెల్డరు పని దొరికింది. తల్లికి విషయం చెప్పాడు. ఆవిడ గరిటె పట్టుకుని ఆయన్ని ఇల్లంతా తరిమి, అలిసిపోయి కూర్చుని, "పిల్ల ఎలా ఉంటుంది?" అని అడిగింది. ఫొటో చూసి, "నీకంటే నయం" అంది. ఆ మర్నాడే కోడలికి మంచుకోటు కొనుక్కొచ్చింది.

ఇక నెనితని పిలిపించడమే మిగిలింది. నన్ను తోడు తీసుకుని లాయరు హలీనా దగ్గరికి వెళ్ళాడు. హలీనా ఉక్రెయిన్ మూలాలున్న ఆవిడ, గొంతు కంచుది, మనసు వెన్న. పెళ్ళి తేదీ చూసింది. విమానం దిగిన తేదీ చూసింది. కళ్ళజోడు తీసేసింది. లాయర్లు కళ్ళజోడు తీశారంటే మనం కుర్చీ గట్టిగా పట్టుకోవాలి.

"నువ్వు ఈ దేశంలో అడుగుపెట్టే నాటికి నీకు భార్య ఉంది. ఉందని చెప్పలేదు. కాబట్టి ఇమ్మిగ్రేషన్ వాళ్ళు ఆమెని పరీక్షించలేదు. అలాంటి మనిషి ఇక నీకు కుటుంబం కింద లెక్కకి రాదు."

"ఎన్నాళ్ళు రాదండీ?"

"ఎన్నాళ్ళేమిటి? నువ్వు బతికున్నన్నాళ్ళు. అసలు నిన్ను వెనక్కి పంపనందుకు సంతోషించు."

"మరి ఆమె నా భార్యేగా?"

"భార్యే. కుటుంబం కాదు."

క్రిసాంతో నావైపు తిరిగాడు, నేనేదో విడమరిచి చెబుతానన్నట్టు. నేను పత్రికలో రాస్తానని ఆయనకి నామీద అప్పట్లో గురి ఉండేది.

ఇప్పుడు చెప్పండి, ఇందులో ప్రభుత్వం తప్పేముంది? అబద్ధం ఆడితే శిక్ష ఉండొద్దా? దొంగతనం చేసినవాడు కొన్నాళ్ళకి బయటికొస్తాడు, మనిషిని పొడిచినవాడు కూడా మంచి నడవడిక చూపించి బయటికొస్తాడు. తల్లి మాటకి అడ్డు చెప్పని కొడుకుని మాత్రం అంత తేలిగ్గా వదిలేస్తే సమాజం ఏమైపోతుంది?

"పోనీ, చుట్టపుచూపుగా రమ్మందాం" అన్నాను నేను. నావన్నీ ఇలాంటి సలహాలే.

నెనిత టూరిస్టు వీసాకి పెట్టింది. తిరస్కరించారు. కారణం వినండి: కెనడాలో ఈమెకి చాలా దగ్గరి కుటుంబ సంబంధం ఉంది, వస్తే తిరిగి వెళ్ళదు!

ఆహా! రప్పించుకుంటామంటే కుటుంబమే కాదు. చూసిపోతానంటే మరీ ఎక్కువ కుటుంబం. ఒక్క ఆడమనిషిని రెండు రకాలుగా చూడగలిగిన ఆ చూపుని మెచ్చుకోకుండా ఎలా ఉంటాం? నా భార్యలు నన్ను ఒక్క రకంగా చూడ్డానికే విసిగిపోయారు.

ఆ రోజు సాయంత్రం క్రిసాంతో మంచంమీద కూర్చుని బూట్లు కూడా విప్పకుండా గోడకేసి చూస్తూ ఉండిపోయాడు. బయట చలికి కార్ల ఇంజన్లకి కూడా కరెంటు తీగలు తగిలించి వెచ్చబెట్టుకునే రోజులు. అప్పటికి నా మొదటి విడాకులు వేడివేడిగా ఉన్నాయి. నాకు జాలేసింది. జాలేసినప్పుడల్లా నేను నోరు జారతాను.

"అన్నా, హలీనా చెప్పింది గుర్తుందా? నువ్వు తప్ప ఎవరైనా రప్పించుకోవచ్చు. నేను ఖాళీగానే ఉన్నాను. నేను చేసుకుంటాను, వచ్చాక నీకు అప్పజెప్పేస్తాను."

కొడతాడనుకున్నాను. కొట్టలేదు. అంత నిరాశలో ఉన్నాడు పాపం. మర్నాడు ఇద్దరం హలీనాకి ఫోన్ చేశాం.

"కాగితాల కోసం పెళ్ళి చేసుకుంటే నేరం, బొయెట్! జైలుకి పోతావు. నిజంగా ప్రేమించి చేసుకుంటేనే చెల్లుతుంది" అని అరిచింది.

"అంటే ఆయన భార్యని నేను నిజంగా ప్రేమించాలా?"

"చట్టప్రకారం అంతే."

గమనించారా, ఎంత ఉదాత్తమైన చట్టమో! ప్రేమ లేనిదే ఒప్పుకోదు!

ఈ ముచ్చట నెనితకి కూడా చెప్పాం. "నీ ఎత్తెంత?" అంది.

"మీ ఆయనకంటే తక్కువే వదినా" అన్నాను.

"వంట వచ్చా?"

"అన్నం మాడుతుంది."

"మా ఆయన చేతిలోనూ మాడుతుంది. ఆ మాత్రానికి మనిషిని మార్చడమెందుకు తమ్ముడూ?" అని నవ్వింది. కాసేపటికి ఆ నవ్వు ఆగిపోయింది. "ఇక్కడ విడాకులన్నవే లేవు. ఈ దేశమేమో నన్ను పెళ్ళాం కాకుండా పోనివ్వదు. ఆ దేశమేమో పెళ్ళాన్ని కానివ్వదు. ఫోన్ ఆయనకివ్వు."

ఇచ్చాను. అలా నా మూడో పెళ్ళి రెండో పెళ్ళికంటే ముందే పెటాకులయింది.

ఆ తర్వాత క్రిసాంతో ఏటా సెలవు పోగేసుకుని ఇలోయిలో వెళ్ళడం మొదలుపెట్టాడు. ఏడాదికి ఒక్క నెల. మీలో పెళ్ళైనవాళ్ళు గుండెమీద చెయ్యేసుకుని చెప్పండి, ఏడాదికి ఒక్క నెల చాలదా? ఆ నెలలో ఆయన గడ్డం గీసుకునేవాడు. ఉతికిన చొక్కాలు వేసుకునేవాడు. ఆవిడ కొత్త గౌను కుట్టించుకునేది. ఇద్దరూ సాయంత్రాలు లాపాజ్ బజారులో వేడి నూడుల్స్ తిని, చేతులు పట్టుకుని నడిచేవాళ్ళు. ఎంగిలి గిన్నెల గురించి, గోడకి ఆరేసిన తడి సాక్సుల గురించి ఒక్క పోట్లాట లేదు. ఏ మంత్రి ఇంత తక్కువ శ్రమతో ప్రజల దాంపత్యాన్ని కాపాడాడు?

హలీనా మాత్రం ఊరుకోలేదు. కెనడా పౌరసత్వం వచ్చాక, దయతలచమని ఒక అర్జీ పెట్టించింది. ఎంత ప్రేమగా ఉంటున్నారో రుజువులు జతచేసింది. విమానం టికెట్లు, ఫొటోలు, ఫోన్ బిల్లులు, చర్చి ఫాదరు మాట. జవాబు వచ్చింది. దూరంగా ఉంటూ కూడా దంపతులు బంధాన్ని ఇంత చక్కగా నిలుపుకుంటున్నారు కాబట్టి, ఎడబాటువల్ల వీరికి చెప్పుకోదగ్గ కష్టమేమీ లేదని తేలిందట!

"ప్రేమ తక్కువగా చూపించాల్సిందేమో" అన్నాడు క్రిసాంతో.

"అప్పుడు దొంగపెళ్ళి అనేవాళ్ళు" అంది హలీనా.

ఇంతలో ఆ సెలవులు ఫలించి కూతురు పుట్టింది. మావాళ్ళ పద్ధతిలో తల్లి పేరూ తండ్రి పేరూ అతికించి క్రిస్నిత అని పెట్టుకున్నారు. తండ్రి పౌరుడు కాబట్టి పిల్ల ఇలోయిలోలో ఉయ్యాలలో ఉండగానే కెనడా పౌరురాలు! మంచు చూడలేదు, నడక రాలేదు, కానీ తల్లికి లేని హక్కు ఉంది. ఒకనాటికి తల్లిని రప్పించుకునే హక్కు. ఆ సంగతి హలీనా చెప్పినప్పుడు క్రిసాంతో టోపీ తీసి కళ్ళు తుడుచుకున్నాడు. "ఎప్పటికి?" అన్నాడు.

"పెద్దదై, ఉద్యోగం చేసి, తల్లిని పోషించగలిగినప్పటికి."

అప్పటికి క్రిస్నితకి పాల పళ్ళు కూడా రాలేదు.

అయిదో తరగతి అయ్యాక నెనిత కూతుర్ని విన్నిపెగ్ పంపేసింది. ఇక్కడ చదివితే ఇక్కడే త్వరగా ఉద్యోగం వస్తుందని. విమానాశ్రయంలో ఏడవలేదట. ఇంటికెళ్ళి పిల్ల దిండు గలీబు ఉతక్కుండా దాచుకుందని తర్వాత పాజమ్మ చెప్పింది. ఎందుకంటే ఆ సమయానికి పాజమ్మ అక్కడే ఉంది. మనవరాలు ఇటు బయలుదేరే ముందే ఆవిడ తన పెట్టె సర్దుకుని అటు వెళ్ళిపోయింది.

"ఈ వయసులో ఎందుకమ్మా?" అన్నాడు క్రిసాంతో.

"నోరు జారింది నేను. ఆ పిల్ల దగ్గర నేనన్నా ఉండొద్దా?" అంది.

కోడలికని కొన్న మంచుకోటు ఇక్కడే అలమరలో వేలాడుతూ ఉండిపోయింది. పాజమ్మ కొన్నేళ్ళ తర్వాత అక్కడే కోడలి చేతుల్లో కన్నుమూసింది. అత్తాకోడళ్ళు ఇంత అన్యోన్యంగా ఉండటం మీరెక్కడైనా చూశారా? చట్టం చలవ కాకపోతే ఏమిటి?

ఇక్కడ విన్నిపెగ్‌లో ఇద్దరు మగాళ్ళం, ఒక ఆడపిల్ల. క్రిసాంతో జడ వేస్తే వెల్డింగు చేసినట్టుండేది. నేను వేస్తే బస్సు ఢీకొట్టినట్టుండేది. ఒకరోజు పిల్ల స్నానాలగదిలో తలుపేసుకుని ఎంతకీ బయటికి రాలేదు. తలుపు బయట మేమిద్దరం చెమటలు కక్కుతున్నాం.

"కడుపునొప్పా తల్లీ?"

"నాన్నా, మీరు మాట్లాడకండి! అమ్మకి ఫోన్ చెయ్యండి!"

చేశాం. తలుపు సందులోంచి ఫోన్ లోపలికిచ్చాం. అక్కడ అర్ధరాత్రి. నెనిత నిద్రలోంచి లేచి, గుసగుసగా, మెల్లగా, ఏదీ తొందరపెట్టకుండా చెబుతూనే ఉంది. లోపలి ఏడుపు తగ్గింది. క్రిసాంతో తలుపుకి వీపు ఆనించి నేలమీద కూర్చుండిపోయాడు. నన్ను మందుల షాపుకి తరిమారు. ప్యాడ్ల అరల ముందు నిలబడి, రెక్కలున్నవా లేనివా, పగటివా రాత్రివా అని నేను తికమకపడుతుంటే, సర్దుతున్న అమ్మాయి, "మీ అమ్మాయికా అంకుల్?" అని అడిగింది. ఏం చెప్పను? "మా ఇంటి అమ్మాయికి" అన్నాను.

రోజులు గడిచాయి. క్రిస్నిత చదువు ముగించి వృద్ధుల ఆశ్రమంలో సహాయకురాలిగా చేరింది. సెలవురోజుల్లో బేకరీలో కూడా పనిచేసింది, తల్లిని పోషించగలనని చూపించడానికి. అప్పుడు తెలిసింది, తల్లిదండ్రులని రప్పించాలంటే ముందు లాటరీ తగలాలని. అవును, లాటరీయే! పేర్లన్నీ ఒకచోట వేసి తీస్తారు. మొదటిసారి తగల్లేదు. మరోసారీ తగల్లేదు. ఆ రోజు క్రిస్నిత అన్నం తినకుండా, "నాన్నా, అమ్మ ఏమన్నా స్కూటరా? డ్రాలో తగలడానికి?" అని అరిచింది. క్రిసాంతో ఆమె కంచంలో చేపముల్లు తీసిపెడుతూ కూర్చున్నాడు.

చివరికి తగిలింది. పెళ్ళినాటి నుంచి లెక్కేస్తే ముప్పై ఏళ్ళకి దగ్గర.

మొన్న ఏప్రిల్లో నెనిత విన్నిపెగ్‌లో దిగింది. మొగుడు కట్టుకున్న భార్యగా కాదు సుమా, కూతురు పోషించే తల్లిగా! క్రిసాంతో ముఖం కంగారుతో ఎంత పాలిపోయిందంటే, ఆవిడ ఏమైందన్నట్టు ముందు నన్ను చూసి, తర్వాత ఆయన్ని చూసింది. ఆయన పువ్వులు ఈ చేతిలోంచి ఆ చేతికి మార్చుకుంటున్నాడు. కూతురు తల్లిని వాటేసుకుని వదల్లేదు. ఈయన పక్కన నిలబడి తన వంతు కోసం చూస్తున్నాడు, బస్సు కోసం చూసేవాడిలా. ఆ వంతు వచ్చాక ఇద్దరూ కొత్తగా పరిచయమైనవాళ్ళలా నవ్వుకుని, తర్వాత ఒకరి భుజంమీద ఒకరు ఏడ్చేశారు. నేను పెట్టెలు మోశాను. నా కాలమ్‌కి మంచి ముగింపు దొరికిందని కూడా అనుకున్నాను. చట్టం గెలిచింది, ప్రేమా గెలిచింది, అందరికీ జై అని రాసి ముగిద్దామనుకున్నాను.

కానీ మర్నాడు సోమవారం.

తెల్లవారుజామున బస్సు తీయడానికి లేచి పైకి వచ్చాను. వంటింట్లో లైటు వెలుగుతోంది. నెనిత నిలబడి ఉంది, తల దువ్వుకుని, ఊరికెళ్ళేదానిలా చక్కటి గౌను వేసుకుని. పొయ్యిమీద నీళ్ళు మరుగుతున్నాయి. ముందు గిన్నెలో అన్నం, కోడిగుడ్లు, ఉల్లిపాయలు. ఏదీ మొదలుపెట్టలేదు.

"తమ్ముడూ," అంది, గొంతు తగ్గించి, పైన పడుకున్నాయనకి వినపడకూడదన్నట్టు. "ఆయన పనికెళ్ళే రోజు పొద్దున ఏం తింటాడు?"

"నీకు తెలీకపోవడమేంటి వదినా?"

"సెలవుల్లో ఏం తింటాడో తెలుసు. సెలవుల్లో మనిషి ఆలస్యంగా లేస్తాడు, ఏం పెట్టినా బాగుందంటాడు. పనిరోజుల్లో ఆయన్ని నేనెప్పుడు చూశాను?"

నాకు తెలుసు. అదే కదా తంటా! గుడ్డు పచ్చసొన గట్టిపడాలని తెలుసు. కాఫీలో చక్కెర వద్దంటాడని, వద్దని చెప్పి నా కప్పులోది తాగుతాడని తెలుసు. డబ్బాలో చేప పెడితే ఫ్యాక్టరీలో వాసనని వెక్కిరిస్తారని తినకుండా తెస్తాడని తెలుసు. చలికాలంలో కుడి భుజం పట్టేస్తుందని, మందు రాయమని అడగడని, మనమే సీసా తీయాలని తెలుసు. ఇద్దరు భార్యలకి ఒక్క పూట కూడా సరిగ్గా కాఫీ కలిపివ్వని నాకు, ఇంకొకావిడ మొగుడి గురించి ముప్పై ఏళ్ళ విషయాలు తెలుసు.

ఆ చట్టం నెనితకి దక్కనివ్వని కాపురం ఎక్కడికీ పోలేదు. ఏ అర్హతా లేని నాకు, నేనడక్కుండానే, రోజూ పొద్దున్నే ఇచ్చింది.

"కూర్చో వదినా, చెబుతాను" అన్నాను.

ఆవిడ కూర్చోలేదు. గుడ్డు చేతిలోకి తీసుకుని, పాఠం వినే పిల్లలా నావైపు తిరిగింది. నేను చెప్పడం మొదలుపెట్టాను. బస్సుకి ఆలస్యమైంది. మీ పిల్లలు స్కూలుకి ఆలస్యంగా చేరినందుకు తల్లిదండ్రులందరూ నన్ను క్షమించాలి.